చుక్కాని మీద ఇంకో చెయ్యి

మా బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పగలంతా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు కాపాడుతుంటాడు. ఆ పాదం ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. టీవీలో ఎవడైనా కారు జోరుగా నడిపితే సోఫా ముందు నేలని తొక్కుతాడు. మా అక్క చేతిలోంచి గరిట జారినా తొక్కుతాడు. ఆ పాదం సంగతి తెలిసి కూడా పన్నెండు వారాలు ఆయన మాట నమ్మాను చూడండి, నన్ననాలి.

బావకి ఒక తెరచాప పడవ ఉంది. ప్రతి బుధవారం సాయంత్రం, పనులు ముగించుకుని వచ్చి, మా క్లబ్బువాళ్ళమంతా పందెం వేసుకుంటాం. తొమ్మిది పడవలు, నీళ్ళ మీద తేలే మూడు నారింజరంగు బోయాలు, వాటి చుట్టూ రెండు చుట్లు. గెలిచినవాళ్ళకి ఇచ్చేదేమీ లేదు, క్లబ్బు పుస్తకంలో పేరు పైవరసలో రాస్తారు, అంతే. ఆ పైవరస కోసం బట్టతల పెద్దమనుషులు కూడా ఒకరినొకరు తిట్టుకుంటారు. మా పడవలో ముగ్గురం. అక్క ముందు చాప తాడు చూస్తుంది, నేను పెద్ద చాప తాడు లాగుతాను, బావ వెనక కూర్చుని చుక్కాని కర్ర పట్టుకుని మా ఇద్దరి మీదా అరుస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

నాది కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే దుకాణం. ఆ పడవ చాప చిరిగితే కుట్టేదీ నేనే. చాప మీద పదకొండు మాసికలున్నాయి, ఒక్క కుట్టూ ఊడలేదు. గెలిస్తే బావ నడిపిన తీరు, ఓడితే నేను తాడు లాగిన తీరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా పడవలో ఆ మద్దెలని నేనే.

క్లబ్బుకి సొంతంగా ఒక చిన్న పడవ ఉంది. గోధుమరంగుది, ఇద్దరు పట్టేది. దానికో కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరైనా సీజన్‌లో ఒక్క పందెం, మొదలు హారన్ నుంచి ముగింపు హారన్ దాకా, చుక్కాని తమ చేతిలోనే ఉంచుకుని పూర్తిచేస్తే వచ్చే సీజనంతా ఆ పడవ వాళ్ళది. మధ్యలో ఇంకొకరి చెయ్యి చుక్కాని మీద పడిందా, ఆ పందెం లెక్కలోకి రాదు. నీళ్ళ మీద చూసేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి, ఒడ్డుకొచ్చాక పడవ యజమాని అందరి ముందూ "పడలేదు" అని చెప్పి సంతకం పెట్టాలి. మా క్లబ్బు అలాంటి మాటల మీదే నడుస్తుంది.

ఈసారి ఆ పడవ కోసం పేరిచ్చింది నేనొక్కదాన్నే. హారన్ ఊది పుస్తకం రాసే బూర మాస్టారు ముందే చెప్పారు: "ఈ సీజన్‌లో తీసుకునేవాళ్ళు తేలకపోతే దాన్ని అమ్మేస్తామమ్మా. ఎవరూ నడపని పడవని ఎన్నాళ్ళని కాస్తాం?" నాకు నలభై మూడేళ్ళు. పొద్దున లేస్తే ఇంకొకళ్ళ కిటికీకి, ఇంకొకళ్ళ సోఫాకి, ఇంకొకళ్ళ కొలతలకి కుడతాను. ఒక్క సీజన్, ఒక్క పడవ, ఎటు తిప్పితే అటు తిరిగేది నాకు కావాలి. ఎంత కావాలంటే, చేతికి రాకముందే దానికి కవరు కుట్టేశాను. ముక్కు దగ్గర్నుంచి వెనకదాకా టేపు పెట్టి కొలిచి, దుకాణంలో ఉన్న మంచి నీలంగుడ్డ తీసి, రెండు వరసల కుట్టు వేశాను. ఆలూ లేదు చూలూ లేదు అని అక్క నవ్వింది, నవ్వనీ అనుకున్నాను.

ఒక్క పందెం చుక్కాని నాకివ్వడానికి బావ ఒప్పుకున్నాడు కూడా. "నీకివ్వకపోతే ఎవరికిస్తానే" అన్నాడు. మొదటి బుధవారం గాలి ఎక్కువగా ఉందన్నాడు. రెండో బుధవారం గాలి లేదన్నాడు. మూడో బుధవారం గాలి సరిగ్గా ఉంది, ఇలాంటి గాలిని పాడుచేసుకోకూడదన్నాడు. నాలుగోవారం మా క్లబ్బులోని పళ్ళ డాక్టరు తన పడవకి కొత్త చాప కట్టించాడు, వాడి పొగరు దించాలన్నాడు. ఐదోవారం మెడ పట్టేసింది, మెడ పట్టేసినవాడు తాడు లాగలేడు, చుక్కాని మాత్రమే పట్టుకోగలడన్నాడు. అలా పదకొండు బుధవారాలు గడిచాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, నా వరం ఈ పూజారి దగ్గరే ఆగిపోయింది.

ఒకసారి గట్టిగా నిలదీస్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "రోజంతా స్టీరింగ్ వేరేవాళ్ళ చేతిలో పెట్టి పక్కన కూర్చుంటానే. వారానికి ఒక్క సాయంత్రమైనా నా చేతిలో ఉండనివ్వవే" అన్నాడు. నాకు జాలేసింది. జాలేసిన ప్రతిసారీ నాకో వారం పోయింది.

పన్నెండోది ఆఖరి బుధవారం. ఆ రోజే, దుకాణం కట్టేసే వేళకి, ఒకావిడ కర్టెన్లు పట్టుకొచ్చి రెండు వేళ్ళు పొడుగయ్యాయి, ఇప్పుడే సరిచెయ్యమని కూర్చుంది. కొలత ఇచ్చింది ఆవిడే. కోపం దిగమింగుకుని, కుట్టిచ్చి, నీలంకవరు సంచిలో కుక్కుకుని పరుగెత్తాను. జెట్టీ మీదికి వెళ్ళేసరికి బావ అప్పటికే పడవలో, వెనక, కర్ర పట్టుకుని ఠీవిగా కూర్చుని ఉన్నాడు.

"లేవండి" అన్నాను.

"బయలుదేరేదాకా నేను పట్టుకుంటా. మొదలవ్వగానే నీకిచ్చేస్తా."

"మొదలు హారన్ నుంచీ నా చేతిలో ఉండాలి బావా. తమరికి తెలియదూ?"

"తెలుసులేవే. గాలి చూడు, ఎలా కొడుతోందో."

"గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి. లేస్తారా, నన్ను నీళ్ళలో దూకమంటారా?"

ముందు నుంచి అక్క తల తిప్పకుండానే అంది: "లేవండి. లేకపోతే ఇవాళ రాత్రి వంట మీరే చేసుకోండి." బావ లేచాడు. నా చోటికి వచ్చి, పెద్ద చాప తాడు తీసుకుని, అదేదో పాము అన్నట్టు చూశాడు.

మొదలుకి ఐదు నిమిషాల ముందు ఊదే హారన్ మోగింది. తొమ్మిది పడవలూ బయలుదేరే గీత వెనక అటూ ఇటూ తిరుగుతున్నాయి. కర్ర నా అరచేతిలో సన్నగా వణికింది. తొమ్మిదేళ్ళు తాడు చివర గాలిని మాత్రమే పట్టుకున్నాను, అడుగున పారే నీళ్ళు చేతికి తెలియడం అదే మొదలు. అబ్బ, ఎంత బాగుందో చెప్పలేను. రెండు నిమిషాలు హాయిగా ఉన్నాను. ఆ తరవాత బావ నోరు తెరిచాడు.

"అద్దం చూసుకో!"

"ఎక్కడుంది బావా అద్దం?"

"అదే, వెనక చూసుకో. పక్కన వాహనం వస్తోంది. దూరం, దూరం! ఏంటా దూకుడు? నెమ్మదిగా పోనీ!"

"పందెంలో నెమ్మదేంటండీ?" అంది అక్క.

ఆయన కుడిపాదం పడవ నేల మీద ధడేల్ ధడేల్‌మంటోంది. అక్కడ బ్రేకు లేదని ఆ పాదానికి ఎవరు చెబుతారు? మొదలు హారన్ మోగేసరికి మేము గీత మీద ఉన్నాం. ముందూ కాదు, వెనకా కాదు, సరిగ్గా గీత మీద. తొమ్మిదేళ్ళలో బావ ఒక్కసారి కూడా అలా బయలుదేరలేదు. బూర మాస్టారు జెట్టీ మీంచి చెయ్యి ఊపారు. బావ మాత్రం, "ఏదో కలిసొచ్చిందిలే" అన్నాడు.

మొదటి చుట్టు పూర్తయ్యేసరికి మాది మూడో స్థానం. ముందు ఎర్రపడవ, దాని వెనక పళ్ళ డాక్టరు, తరవాత మేము. తాడు వదలమంటే బావ లాగుతాడు, లాగమంటే ఎందుకని అడుగుతాడు. నేను చెప్పిన ప్రతి మాటకీ ఒక పాఠం. "ఇరవై ఏళ్ళ సర్వీసుంది నాకు" అంటాడు. ఉన్న సర్వీసంతా పక్క సీట్లోనే కదా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఇవాళ ఒక్కరోజు ఏమన్నా పడదాం, పని గట్టెక్కితే చాలనుకున్నాను.

రెండో చుట్టులో రెండో బోయా దగ్గర జరిగింది. బోయాని ఎడమవైపు ఉంచుకుని తిరగాలి. ఎంత దగ్గరగా తిరిగితే అంత దారి కలిసొస్తుంది. మూరెడు ఎడంలో దాటేలా చూసుకుని వస్తున్నాను. నా లెక్క సరిగ్గానే ఉంది, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. ఇంతలో గాలి ఒక్క తోపు తోసింది, పడవ ఒరిగింది, బావ "కుడికి! కుడికీ!" అని కేక పెట్టి, తాడు వదిలేసి, కర్రని పట్టుకుని కుడివైపుకి ఒక్క గుంజు గుంజాడు.

చుక్కాని కర్ర స్టీరింగ్ కాదు. కర్రని కుడికి లాగితే పడవ ఎడమకి పోతుంది. ఈ సంగతి క్లబ్బులో చేరినరోజే నేర్పుతారు. బావకి ఇరవై ఏళ్ళుగా తెలుసు, నాకు నేర్పిందే ఆయన. కానీ చుక్కాని దగ్గర కాకుండా పక్కన కూర్చున్నాడు కదా, పక్కన కూర్చున్న బావకి ఒక్కటే వచ్చు. నేర్చుకునేవాడి చేతిలోంచి స్టీరింగ్ గుంజుకోవడం. పడవ ముక్కు ఎడమకి తిరిగి బోయాని ధన్‌మని గుద్దింది.

"చెయ్యి తియ్యండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన వేడిపెనం ముట్టుకున్నవాడిలా చెయ్యి తీశాడు.

బోయాకి తగిలితే పడవని అక్కడే ఒక పూర్తి చుట్టు తిప్పి, ఆ తరవాత ముందుకి పోవాలి. అదే శిక్ష. ఎవరూ ఈల వెయ్యరు, మనమే ఒప్పుకుని తిప్పుకోవాలి. తిప్పాను. తిప్పుతుంటే ఒక్కొక్క పడవా మమ్మల్ని దాటిపోయింది. తగలడం ఆ పడవల్లో వాళ్ళు చూశారు. చెయ్యి మాత్రం ఎవరూ చూడలేదు, పెద్ద చాప మాకూ వాళ్ళకీ మధ్య అడ్డంగా ఉంది.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే దారి కనబడదని ఆపుకున్నాను. బోయాకి తగిలినా పందెం లెక్కలోకి వస్తుంది, ఆఖరున వచ్చినా వస్తుంది. రాకుండా చేసేదల్లా ఆ చెయ్యి. మూడు క్షణాలు పడిన చెయ్యి. అది నేను అడిగిన చెయ్యా, పిలిచిన చెయ్యా?

"ఎవరూ చూడలేదు" అన్నాను.

"చూడలేదు" అంది అక్క.

"ఒడ్డుకెళ్ళాక దీని గురించి ఎవరూ నోరెత్తకూడదు. బోయాని గుద్దింది నేనే. వింటున్నారా బావా?"

"నేనెందుకు ఎత్తుతాను?" అన్నాడు బావ, సన్నటి గొంతుతో. ఆ తరవాత ముగింపు దాకా ఆయన నోట్లోంచి మాట రాలేదు, పాదం కూడా కదల్లేదు. లాగమంటే లాగాడు, వదలమంటే వదిలాడు. ఆ బుద్ధేదో ముందే ఉండొచ్చుగా! ఎనిమిదోవాళ్ళుగా చేరాం. తొమ్మిదో పడవ చాప చిరిగి సగంలోనే వెనక్కి పోయింది కాబట్టి, నిజానికి మేమే ఆఖరు.

క్లబ్బు గది చిన్నది. తడిసిన లైఫ్ జాకెట్లన్నీ గోడకి వేలాడుతున్నాయి, నేలంతా నీళ్ళు కారుతున్నాయి. ఒక మూల టీ కెటిల్, దాని చుట్టూ జనం, ఇంకో మూల బల్ల, బల్ల మీద పుస్తకం, దాని వెనక కళ్ళజోడు తుడుచుకుంటూ బూర మాస్టారు. ఆయన నన్ను చూసి నవ్వారు. నా పేరు ముందే రాసి పెట్టుకున్నారు, పక్కన సంతకానికి చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"ఏవండీ" అన్నారాయన బావతో, లాంఛనంగా గొంతు సవరించుకుని. "మొదలు హారన్ నుంచి ముగింపు హారన్ దాకా చుక్కాని మీద ఇంకో చెయ్యి పడలేదు కదా?"

"పడలేదు" అన్నాడు బావ. ఠక్కున అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. తొమ్మిదేళ్ళ కోపం ఆ ఒక్క మాటకి సగం దిగిపోయింది. ఆయన పెన్ను తీసుకుని బల్ల మీదికి వంగాడు.

సరిగ్గా అప్పుడు పళ్ళ డాక్టరు టీ కప్పుతో వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, గెలిచినరోజు మాత్రం నోరు ఊరుకోదు.

"ఏమ్మా, సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా నీది! అంత పెద్ద బోయా కనబడలేదా?"

గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడానికి ముందే సిద్ధపడి వచ్చాను.

"పాపం, కర్టెన్లు వేసి ఉంటాయి" అన్నారెవరో వెనక నుంచి. ఇంకా నవ్వారు.

"ఆ చిన్నపడవ ఇచ్చే ముందు బోయాలన్నిటికీ దూది చుట్టించండి మాస్టారూ" అన్నాడు డాక్టరు.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఓ పది నిమిషాలు నవ్వుతారు, ఇంటికి పోతారు, పడవ నాకు మిగులుతుంది. బావ చేతిలో పెన్ను మాత్రం కాగితం మీద కదలడం లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వద్దు బావా, వద్దు, నోరు మూసుకోండి అని కళ్ళతోనే అరిచాను.

"ఆ బోయాని గుద్దింది ఆవిడ చెయ్యి కాదు" అన్నాడు బావ. "నాది."

అక్క బల్ల కింద ఆయన కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది, నాకు చప్పుడు వినిపించింది. అక్కడ కూడా బ్రేకు లేదు.

"జోకు చేస్తున్నారు కదూ?" అన్నారు బూర మాస్టారు మెల్లగా. పాపం, ఆయన తప్పుకునే దారి ఇచ్చారు. ముసలాయన ఇచ్చిన ఆ దారిని మా బావ పట్టించుకోలేదు.

"జోకు కాదండీ. సరిగ్గా నడుపుతున్న పిల్ల చేతిలోంచి కర్ర గుంజాను. అదీ ఎటు? ఇటు గుంజాను. స్టీరింగ్ అనుకుని." నిటారుగా నిలబడి చేత్తో చేసి చూపించాడు కూడా. "ఇరవై ఏళ్ళ సర్వీసు నాకు. గాడిదకైనా తెలుస్తుంది. ఆవిణ్ణి చూసి నవ్వకండి. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు కప్పు కింద పెట్టేశాడు. బూర మాస్టారు విననట్టు ఊరుకుందామంటే ముప్ఫై మంది విన్నారు. ఆఖరికి స్కేలు తీసి నా పేరు మీద అడ్డంగా గీత గీశారు. గీత వంకర రాకూడదని స్కేలు పెట్టారు చూడండి, దానికి నా కడుపు మండిపోయింది.

ఏ తప్పూ ఎన్నడూ ఒప్పుకోని మనిషి. పెళ్ళిచూపులకి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి గడియారం తప్పన్న మనిషి. పదకొండు వారాలు గుప్పిట విప్పలేదు. విప్పిన రోజు నోరు మూసుకోలేదు.

బయటికొచ్చాను. ఇంకా వెలుగుంది. బావ నా వెనకే వచ్చాడు.

"ఎందుకు చెప్పారు?"

"నిన్ను చూసి అంతమంది నవ్వుతుంటే ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే కదా చెప్పాను! పడవలో చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

"ఊరుకుందామనే అనుకున్నానే." ఆయన చొక్కా ఇంకా తడిగానే ఉంది. "తొమ్మిదేళ్ళుగా ప్రతి ఓటమీ నీ మీదికే తోశాను. ఒక్కటైనా నాదని అందామనిపించింది."

"ఆ ఒక్కటీ ఇవాళే దొరికిందా మీకు?"

కొట్టాలనిపించింది. మనిషిలో ఇంత మంచితనం ఉందని తెలిసిన రోజే ఇంత కోపం రావడం ఏం ఖర్మో నాకర్థం కాలేదు. చెడ్డపని చేసుంటే నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. నా కోసం చేశాడు. నా కోసం చేసి నా నోటి దగ్గరి ముద్ద కొట్టేశాడు. నడుస్తూనే ఏడ్చాను.

గోధుమరంగు పడవ క్లబ్బు గోడ పక్కన చెక్క దిమ్మల మీద బోర్లించి ఉంది. పాత పట్టా ఒకటి కప్పి ఉంది, నాలుగు చోట్ల చిరిగి. దాని ముందు ఆగాను. వచ్చేవారం ఎవరో వచ్చి కొనుక్కుపోతారు, ఎటో తిప్పుకుంటారు. సంచిలోంచి నీలంకవరు బయటికి తీశాను. ఇది ఈ పడవ కొలతలకే కుట్టింది. సోఫాకి పనికిరాదు, కిటికీకి పనికిరాదు, ఇంకే పడవకీ పట్టదు.

పాత పట్టా లాగి అవతల పారేశాను. కవరు దులిపి పరిచాను. ఒక్కదాన్నే అవతలి అంచు అందుకోలేకపోతుంటే, బావ చప్పుడు చెయ్యకుండా అటువైపు వెళ్ళి నిలబడ్డాడు. అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది.

"లాగండి" అన్నాను.

లాగాడు.

"చాలు. కొంచెం వదలండి. అంత కాదు, రెండు వేళ్ళు. ఊఁ, ఇప్పుడు మీ వైపు ముడి వెయ్యండి."

వేశాడు. ఎందుకని అడగలేదు. కవరు ఎక్కడా ముడత లేకుండా, ముక్కు దగ్గర్నుంచి వెనకదాకా అచ్చంగా సరిపోయింది. ఆయన అరచేత్తో నా కుట్టుని ఒకసారి తడిమి, "బాగా కుదిరిందే" అన్నాడు.

"కొలిచి కుట్టాను కదా" అన్నాను, ఇంకా కోపంగానే.